నవ్వులోని చురక



ఈ సాయంకాలము నేను ప్రసంగింప నెంచినది నవ్వును గూర్చి. ఊరక పుట్టెడి నవ్వును గూర్చి కాదు. తెరమీద బొమ్మలను కదలించి, వాని నోట మాటలు పెట్టి, లోకములోని అక్రమమును ఎత్తిచూపుచు చూపరులను నవ్వించెడి విద్య యొకటి గలదు. ఆ విద్యయందు నవ్వు పాలెంత యుండవలెను, మందలింపు పాలెంత యుండవలెను అనునదే నేటి ప్రశ్న. నవ్వు మిక్కుటమైనచో అది వెకిలితనములోనికి దిగును. మందలింపు మిక్కుటమైనచో బడిపంతులు చెప్పు నీతిపాఠమగును. దాని నెవరును వినరు. ముప్పదియైదేండ్లు నీతిపాఠములు చెప్పినవాడను గనుక ఈ రెండవ సంగతి నాకు చక్కగ తెలియును.

ఈ కాలమున ఈ విద్యకు టెలివిజను పెద్ద ఆటపట్టైనది. పిల్లలకొరకు గాక పెద్దలకొరకే గీయబడి, సంసారమును, సంఘమును, ప్రభుత్వమును వెక్కిరించెడి కదలుబొమ్మల కథలు అమెరికా దేశమున వారము వారము వచ్చుచుండును. సెల్‌ఫోనుల మూలమున అవి మన పల్లెలకును చేరినవి. మా తుమ్మలపల్లెలో రచ్చబండమీద కుర్రవాండ్రు అరచేతిలో వానిని చూచి నవ్వుచుండగా, ప్రక్కనున్న పెద్ద యొకాయన "యేంది నాయనా, పసుపు పూసుకొన్నట్లుండాయి ఆ బొమ్మలు?" అని యడుగుట నేను విన్నాను. ఆ ప్రశ్నకు సమాధానము అమెరికానుండి గాక మన సీమనుండియే మొదలిడుట మేలు. ఏలయన, వెలుగు పడిన తెరమీద బొమ్మ నాడించి ఊరిని నవ్వించుట మనకు క్రొత్త గాదు.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమునందలి శివరాత్రి యుత్సవములను వర్ణించుచు బొమ్మలాటలను పేర్కొన్నాడు. అనగా ఏడువందల యేండ్లకు తక్కువ గాని చరిత్ర దీనికి గలదు. మేకతోలును వెలుగు దూరునట్లు పలుచగా గీచి, రంగులు దిద్ది, నగలున్నచోట సన్నని చిల్లులు పొడిచి, తల, చేతులు, కాళ్ళు వేరువేరుగ కోసి దారముతో కీలించి, వెదురుబద్దలకు కట్టి, తెల్లపంచెల తెరకును దీపమునకును నడుమ ఆడింతురు. పూర్వము ఆముదపు దీపములు వాడెడివారు. పిమ్మట పెట్రోమాక్సు దీపములు వచ్చినవి, ఇప్పుడు విద్యుద్దీపములు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట గ్రామమున ఈ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ గ్రామమువారైన దళవాయి చలపతిరావుగారిని 2020వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. మన కడప మండలమునందలి సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకమాడి, సురభి నాటక సమాజములకు మూలపురుషులైన వనారస వంశీయులును తొలుత తోలుబొమ్మలాటవారే.

రామాయణమాడినను భారతమాడినను ఆట తెల్లవారువరకు సాగును. అశోకవనమున సీత దుఃఖించుచుండగా నడిరేయి గడచును. ముందు వరుసలోని పిల్లలు ఒకరిమీద నొకరు ఒరుగుదురు. వెనుక వరుసలోని పెద్దలు మూతికి తువ్వాలు అడ్డముపెట్టి ఆవులింతురు. అప్పుడు తటాలున కేతిగాడు తెరమీదికి దుముకును. వానివెంట బంగారక్క వచ్చును, జుట్టుపోలిగాడు వచ్చును. నిద్ర యెగిరిపోవును. మూడుమూరల తోలుబొమ్మయైన రామునికి లేని స్వాతంత్ర్యము జానెడు కేతిగానికి గలదు. రాముడు కవి చెప్పిన మాటయే చెప్పవలెను. కేతిగాడన్ననో, ఆ రాత్రి ఆ యూరిలో ఆ తెరముందర కూర్చున్నవారి సంగతి చెప్పవచ్చును. అందుకే బొమ్మలాటవారు పగటివేళ ఊరిలో గింజల కొరకు తిరుగుచు, ఎవరి యింట నేమి జరిగినదో, ఏ బావికొరకు ఎవరు తగవులాడిరో అంతయు చెవిని వేసికొనెడివారు. భిక్షకై తిరిగినట్లుండును గాని అది సరకు సేకరణయే.

నా చిన్నతనమున ఒక కరవు సంవత్సరమున నేను చూచిన ఘట్టము నిప్పటికిని మరువలేదు. కేతిగాడు జొన్నలు వడ్డికిచ్చు సాహుకారి వేషమున వచ్చెను. బంగారక్క గంప పట్టుకొని యెదుట నిలిచెను. అతడు పడిని బోర్లించి, దాని యడుగున నున్న చిన్న గుంటలో నాలుగు గింజలు పోసి, "ఇదో ఒకటి, ఇదో రెండు" అని గంభీరముగ లెక్కపెట్టుచు గంపలో వేసెను. పంట వచ్చినది. బంగారక్క అప్పు తీర్ప వచ్చెను. కేతిగాడు పడిని వెల్లకిలగ నిలిపి, "నిండుగా పొయ్యి, గోపురమట్ల పొయ్యి" అని యరచెను. ఆమె నిదానముగ పడిని లాగికొని, మరల బోర్లించి, ఆ గుంటలోనే గింజలు పోయుచు ఇట్లనెను: "ఏమన్నా, నీ పడికి నోరు యాపక్క ఉండాదో కరువులో నువ్వే చూపిస్తివి గదా! ఆ నోటితోనే కొలుస్తాండా." జనము విరుగబడి నవ్విరి.

గమనింపుడు. వడ్డీ యన్యాయమని గాని, పేదల నెత్తురు పీల్చుట పాపమని గాని కేతిగాడు ఒక్క మాటయైన అనలేదు. బోర్లించిన పడి చాలినది. ఊరిలో జొన్నలు వడ్డికిచ్చెడి పెద్దమనిషి ఆ రాత్రి ముందు వరుసలోనే కూర్చుండెను. దీపములకు నూనె యిచ్చినదియు ఆయనయే. ఆయనయు నవ్వెను. నవ్వనిచో ఆ సాహుకారి తానేయని ఒప్పుకొన్నట్లగును గదా! తెరమీద ఎవరి పేరును చెప్పబడలేదు. ఆయన కులము చెప్పబడలేదు, ఆయన పొట్ట చెప్పబడలేదు. చేసిన పని మాత్రమే చెప్పబడినది. ఆ యేడు కొలతలు సరియైనవని నేను చెప్పజాలను. కరవున కొలతలు అంత త్వరగా సరికావు. కాని అటుపిమ్మట ఏ కొట్టు ముందరనైనను గింజలు తగ్గినట్లు తోచినచో, "పడి బోర్లిస్తివా యేమి?" అని యడుగుటకు ఆడువారికి ఒక మాట దొరకినది. అంతకు మునుపు వారికి ఆ మాట లేదు.

భరతముని నాట్యశాస్త్రమున హాస్యమును ఆరు విధములుగ విభజించి, స్మితము, హసితము ఉత్తములకును, విహసితము, ఉపహసితము మధ్యములకును, అపహసితము, అతిహసితము అధములకును చెప్పెను. ఇది నవ్వెడివారి తరగతి. నవ్వబడెడివారి సంగతి యేమి? దానికి సమాధానము శాస్త్రమునందుకంటె నాటకములయందు ఎక్కువగ దొరకును. మన సంస్కృత నాటకములలోని విదూషకుడు బ్రాహ్మణుడు, తిండిపోతు, పిరికి. ఆ నాటకములు వ్రాసిన కవులు, వానిని చూచిన పండితులు నెక్కువగ బ్రాహ్మణులే. తొలి దెబ్బ తమ యింటివాని వీపుమీదనే వేసికొనిరి. ఏడవ శతాబ్దమున కంచిని పాలించిన పల్లవరాజు మహేంద్రవర్మ మత్తవిలాసమను ప్రహసనమును స్వయముగ రచించి, తన రాజధాని వీథులలో తిరుగు కాపాలికుని, బౌద్ధభిక్షువును, పాశుపతుని నవ్వులపాలు చేసెను. సన్న్యాసులను వెక్కిరించుట రాజునకు కష్టము గాదు. అయితే ధర్మాసనము నందలి యధికారుల నోళ్ళు ధనముతో మూయవచ్చునను మాటను గూడ ఒక పాత్రచేత ఆయన పలికించెను. ఆ ధర్మాసనము ఆయనదే. నా దృష్టిలో ఆ ప్రహసనమునకు విలువ నిచ్చినది ఆ యొక్క మాట.

ఇక పసుపుపచ్చని బొమ్మల సంగతి. 1989వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికా టెలివిజనులో 'ది సింప్సన్స్' అను కదలుబొమ్మల కథామాల మొదలయ్యెను. మ్యాట్ గ్రేనింగ్ అను చిత్రకారుడు దానిని కల్పించెను. అది నేటికిని నడుచుచున్నది. స్ప్రింగ్‌ఫీల్డు అను కల్పిత పట్టణమున ఒక సంసారము. తండ్రి హోమరు, తల్లి మార్జి, ముగ్గురు పిల్లలు. హోమరు సోమరి, తిండిపోతు. మన విదూషకునికి దూరపు చుట్టము. అతని యుద్యోగమేమనగా, అణువిద్యుత్కేంద్రమున ప్రమాదములు జరుగకుండ కనిపెట్టుట. ఆ పీఠమున కూర్చుండి అతడు నిద్రించుచుండును.

ఇచ్చట నొక్క మాట చెప్పక తప్పదు. మా తుమ్మలపల్లె నేలలో యురేనియపు ఖనిజమును త్రవ్వి శుద్ధిచేయుచున్నారని శ్రోతలలో పలువు రెరుగుదురు. ఇచ్చటనుండి పోయిన పదార్థము హైదరాబాదున ఇంధనముగ మారి అణువిద్యుత్తునకు తోడ్పడును. అణుకేంద్రపు కావలివాడు కునుకు తీయుచున్నాడన్నచో న్యూయార్కు నగరమున మేడలో కూర్చున్నవాని నవ్వు ఒక తీరు. మా యూరి బావిగట్టున నిలిచి యదే బొమ్మను చూచినవాని నవ్వు మరియొక తీరు. బొమ్మ యొకటే, మాట యొకటే. వినువాని యిల్లు ఎంత దూరమున నున్నదనునది కూడ హాస్యములో నొక భాగము.

ఆ కథామాలలో 1990వ సంవత్సరమున వచ్చిన భాగమొకటి చెప్పెదను. అణుకేంద్రము ప్రక్కనున్న నీటిలో పిల్లవాడు గాలము వేయగా మూడు కన్నుల చేప పడును. పత్రికలు గగ్గోలు పెట్టును. కేంద్రపు యజమాని బర్న్స్ అనువాడు జంకక, రాష్ట్ర గవర్నరు పదవికి నిలబడి, ఆ మూడవ కన్ను చేపకు వరమేగాని హాని గాదని ప్రచారము చేయించును. ప్రజలు నమ్ముటకు సిద్ధపడుదురు. ఎన్నికల ముందటి రాత్రి, తాను సామాన్యుల యింట భుజించువాడనని చాటుకొనుటకై హోమరు ఇంటికి విందునకు వచ్చును. కెమెరాలు వెంట వచ్చును. ఇల్లాలు మార్జి మారుమాటాడక ఆ మూడు కన్నుల చేపనే వండి ఆయన పళ్ళెములో పెట్టును. ఆయన ముక్క నోట పెట్టుకొనును, మ్రింగజాలక ఉమ్మివేయును. ఎన్నిక పోయినది.

బంగారక్క ఈమెకు అక్కయో చెల్లెలో కావలెను! అచ్చట పడి, ఇచ్చట పళ్ళెము. చెప్పిన మాటను చెప్పినవాని ముందరనే వడ్డించుట. ఉపన్యాసము లేదు. నవ్వును మందలింపును రెండు పాళ్ళుగ తూచి కలిపినట్లు గూడ లేదు. నవ్వు వచ్చినచోటనే మందలింపు ఉన్నది; ఒకదానిని తీసివేసినచో రెండవది మిగులదు. ఈ విద్యలో తూకమనగా నే నెరిగినంతలో ఇదియే. హాస్యమొక ప్రక్క, నీతి యొక ప్రక్క పెట్టి, కొంతసేపు నవ్వించి కొంతసేపు బోధించువాడు రెంటిలోను నష్టపోవును.

ఇంత నేర్పరులైన ఆ కథకులే మరియొకచోట తడబడిరి. ఆ తడబాటు మనవానికి తగిలినది. ఆ పట్టణమున అపు అను భారతీయుడు ఒక చిల్లర కొట్టు నడుపుచుండును. అతడు చదువుకొన్నవాడు, కష్టజీవి, చెడ్డవాడు కాడు. ఇంటిపేరు నహసపీమపెటిలన్ అట! మన దేశమున ఏ మూల వెదకినను అట్టి యింటిపేరు దొరకదు. పలుకుటకు నోరు తిరుగక నవ్వవలెనని కట్టినది. అతనికి గొంతు నిచ్చినవాడు హ్యాంక్ అజారియా అను తెల్లజాతి నటుడు. అతడు భారతీయుల యింగ్లీషు ఉచ్చారణను సాగదీసి పలుకుటయే ఆ పాత్రలోని ప్రధాన హాస్యము. ఆ కాలమున అమెరికా టెలివిజనులో భారతీయుని మొగము కనబడుటయే యరుదు. కావున పాఠశాలలలో మన బిడ్డలను తోటిపిల్లలు ఆ గొంతుతోనే ఎగతాళి చేసిరి.

న్యూయార్కున తెలుగు కుటుంబమున పుట్టి పెరిగిన హరి కొండబోలు అను హాస్యనటుడు 2017వ సంవత్సరమున 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అను పేర నొక చిత్రము తీసి ఈ సంగతిని బయటపెట్టెను. అతడు ఆ కథామాలకు శత్రువు కాడు. చిన్ననాటినుండి దానిని ప్రేమించి, దానివలన హాస్యము నేర్చుకొన్నవాడు. అందుచేతనే అతని మాటకు బలము వచ్చినది. 2018 ఏప్రిలులో ఆ కథామాలవారు జవాబు చెప్పిరి. ఎట్లు? ఇంట తెలివిగలదియు, న్యాయమెరిగినదియునైన కూతురు లీసా చేత, ఒకప్పుడు అందరు మెచ్చినది ఇప్పుడు తప్పయినది, మనమేమి చేయగలమని నిట్టూర్పించిరి. ఇది బలహీనమైన జవాబు. మూడు కన్నుల చేపను బర్న్స్ పళ్ళెములో పెట్టినవారు, తమ పళ్ళెములోనికి వచ్చిన చేపను మాత్రము ప్రక్కకు నెట్టిరి. 2020 జనవరిలో అజారియా తానిక అపుకు గొంతు నీయనని ప్రకటించెను. ఆ సంవత్సరము జూను మాసమున, తెల్లవారు కాని పాత్రలకు తెల్లనటులచే ఇక పలికింపబోమని ఆ సంస్థవారు చెప్పిరి. మరుసటి యేట అజారియా బహిరంగముగ క్షమాపణ చెప్పెను.

అందరిని వెక్కిరించిరి గదా, హోమరును వెక్కిరింపలేదా, ఒక్క అపు విషయముననే కోపమేల యని వాదించినవారు గలరు. ఈ వాదము పైకి న్యాయముగ కనబడును. కాని హోమరు చేసిన పనికి నవ్విరి. అపు మాటాడిన తీరుకు నవ్విరి. సోమరి నిద్ర మానవచ్చును. మాతృభాష నాలుకమీద వేసిన ముద్రను మాన్పుకొమ్మని ఎవరిని అడుగుదుము? అంతేకాక, జొన్నలిచ్చిన పెద్దమనిషి ముందు వరుసలో కూర్చుండి తానును నవ్వి, ఇంటికిపోయి తన పడిని చూచుకొనుటకు వీలున్నది. బడిలో ముందు బల్లమీద కూర్చున్న భారతీయ బాలునికి ఇంటికిపోయి చూచుకొనుటకు ఏమున్నది? తండ్రి మొగము, తల్లి మాట.

కొండబోలు ఆ పాత్రను తీసివేయుమని కోరలేదని గుర్తుంచుకొనవలెను. ఉంచి, మంచి కథ వ్రాయుడనియే యతడు కోరెను. కాని ఆ పిమ్మట అపు నోరు మూతపడినది. ఎప్పుడైన వెనుక వరుసలో మూగబొమ్మగ నిలుచుట తప్ప అతనికి పనిలేదు. తప్పుగ పలికిన బొమ్మచేత సరిగ పలికించుటకు బదులు నోరు నొక్కిరి. ఇది తేలికైన మార్గము.

దూరముననుండి ఈ తీర్పులు చెప్పుట సుఖముగనే యున్నది. మన కేతిగాడు మాత్రము మచ్చలేనివాడా? కాడు. మెల్లకన్నును, గూనివీపును, నత్తిమాటను పట్టుకొని అతడు నవ్వించిన రాత్రులు గలవు. విధవను చూపి నవ్వించినాడు. ఊరిచివర నివసించువారి మాటతీరును వెక్కిరించినాడు. వారు తెరకు దూరముగ, చీకటిలో నిలబడి విన్నారు. బంగారక్కకు వానికి జరుగు సరసములు విన్నచో ఆడుబిడ్డలు తలవంచుకొని లేచిపోయెడివారు. ఈ తప్పులను సంప్రదాయమను పేర దాచుట నాకిష్టము లేదు. అయినను బొమ్మలాటవానికి టెలివిజనువారికి లేని మేలొకటి గలదు. టెలివిజను కథను నెలలతరబడి ముందుగ వ్రాసి, గీతలు చాలవరకు కొరియా దేశమున గీయించి, ఎవరెవరో చూచుటకు వదలుదురు. నవ్వు ఎవరికి గ్రుచ్చుకొన్నదో వారికి కనబడదు. బొమ్మలాటవాడు తెరవెనుక నున్నను అతని చెవి తెరముందరనే యుండును. జనము నవ్వుట మానినచో మరునిమిషమున మాట మార్చుకొనును. మనము మానినచో అతడు మానును. కావున కేతిగాని తప్పులలో సగము విన్నవారివి.

ఈ సంవత్సరము శివరాత్రికి మా యూరికి బొమ్మలాటవారిని పిలువవలెనని నిశ్చయించినప్పుడు ఈ ప్రశ్న మా పెద్దల యెదుటికే వచ్చినది. రామాయణ మొక్కటి చాలును, కేతిగాడు వలదని కొందరనిరి. వారిలో కొందరు బూతుమాటలకు వెరచినవారు. వారి వెరపు న్యాయమైనది. కొందరు మరియొక కారణమున వలదనిరి. ఊరిలో రెండు పక్షములున్నవి. చెరువుకట్ట మరమ్మతు లెక్క ఇంకను తేలలేదు. కేతిగాడు ఏమనునో, ఎవరిమీద అనునో యని వారి భయము. బూతును మానిపించెదమను మాట చాటున పడిని దాచుట వంటిది ఇది. కేతిగాడు లేని ఆట నాడుటకు బొమ్మలాటవారు మారుపలుకక సమ్మతింతురు. వారికి కూలి ముఖ్యము, అట్లుండుటయే సహజము. నష్టపోవునది మనము. నడిరేయి నిద్రించువారిని లేపుటకు మరియెవరును రారు.

నేను సభలో చెప్పిన మాట క్లుప్తముగ నిది. పుట్టుకను, అంగలోపమును, వైధవ్యమును, ఆకలిని, మాటతీరును ముట్టవద్దని ఆటగానికి ముందుగనే చెప్పుదము. దానికి అతడు నొచ్చుకొనడు. పెత్తనమును, కొలతను, లెక్కను మాత్రము అతని యిష్టమునకు వదలుదము. మొదటి దెబ్బ ఎవరిమీద నని యొకరడిగిరి. పిలిచినవారము మనమే గనుక మనమీదనే యంటిని. కొంత మౌనము తరువాత, బూతు లేకుండ కేతిగాని నాడించుటకు పెద్దలు సమ్మతించిరి.

అయితే చెరువుకట్ట లెక్కను ఆటగాని చెవిలో ఎవరు వేయవలెనన్న మాట వచ్చినప్పుడు అందరు నావంక చూచిరి. లెక్కపుస్తకము నాకు చూపినచో నేనే చెప్పెదనంటిని. పంపెదమనిరి. ఇంకను రాలేదు. శివరాత్రికి ఇరువది దినములు గలవు.